జుర్రు మాస్టారి నాలుగు గ్లాసులు

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కాదు. అయినా వీధి వీధంతా ఆయన్ని జుర్రు మాస్టారనే అంటారు. పూల వాసన, పండ్ల వాసన పట్టించిన టీలు, ఆకులతో మొగ్గలతో కాచుకునే కషాయాలు తయారుచేసే కంపెనీలో ఆయనది రుచి చూసే ఉద్యోగం. చెంచాడు టీని గాలితో కలిపి జుర్రుమని నోట్లోకి లాగాలి. చప్పుడు ఎంత గట్టిగా వస్తే రుచి అంత బాగా అంగిట్లోంచి ముక్కుకి ఎక్కుతుంది. పెళ్లయిన కొత్తలో ఇంట్లో కూడా అలాగే తాగితే, పక్క వాటా ఆవిడ తలుపు తట్టి, కుళాయి పైపు ఏమన్నా పగిలిందా అని అడిగింది. పేరు అప్పుడే పడింది.

లాగినది మింగకూడదు. పక్కన పెట్టుకున్న పొడుగాటి డబ్బాలో ఉమ్మేయాలి. పొద్దున్నే మొదలుపెడితే భోజనం వేళ దాకా అదే పని. "లోకంలో అందరూ నాలుగు మెతుకులు నోట్లోకి పోవడానికి కష్టపడతారు. మా ఆయన నోట్లోది ఉమ్మేసి జీతం తెస్తారు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. మాస్టారు మాత్రం నవ్వేవారు కాదు. పని విషయంలో ఆయనకి నవ్వులాటలు పనికిరావు.

ఉమ్మేశాక అభిప్రాయం రాయాలి. దుకాణాల వాళ్ల కోసం కంపెనీ ఒక చిన్న మాసపత్రిక వేసేది. అందులో కొత్త టీల మీద మాస్టారి మాటల కోసం జనం ఎదురుచూసేవారు. స్ట్రాబెర్రీ టీ గురించి, "ఇందులో స్ట్రాబెర్రీ లేదు, స్ట్రాబెర్రీ వాసనున్న రబ్బరు ఉంది" అని రాశారు. నారింజ టీ గురించి, "తొక్కకి న్యాయం జరిగింది, పండుకి జరగలేదు" అన్నారు. ఆ రెండూ సొంత కంపెనీ సరుకే. యజమాని తల పట్టుకుని కూడా ఆయన్ని ఏమీ అనలేకపోయేవాడు, ఎందుకంటే ఆయన వద్దన్నది ఎప్పుడూ అమ్ముడుపోలేదు. ఆయన నోటినుంచి వచ్చే పెద్ద మెప్పు "పర్వాలేదు". బాగుంది అనే మాట ఆయన రాయగా ఎవరూ చూడలేదు.

ఆయన దగ్గరే పని నేర్చుకుని రెండో స్థానానికి వచ్చిన ఒకావిడ ఉంది. రుచి చూసే పరీక్ష గదిలో అందరూ చిన్నక్క అంటారు. చేరిన కొత్తలో ఆవిడ ఒక కప్పు రుచి చూసి, "బాగుంది మాస్టారూ" అంది.

"బాగుంది అనేది రుచి కాదమ్మా, మర్యాద. చుట్టాలింటికెళ్లినప్పుడు అనే మాట అది. ఇక్కడ మనం చుట్టాలం కాదు" అన్నారు మాస్టారు. ఆ కప్పుని ఆవిడ మళ్లీ మళ్లీ వాసన చూస్తుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "అలా ఆపకుండా పీలిస్తే ముక్కు దాన్ని మరిచిపోతుంది. కాస్త పీల్చు. మొహం పక్కకి తిప్పుకో. ఆగు. అప్పుడు మళ్లీ పీల్చు." చిన్నక్క ఆ రెండు పాఠాలూ మనసులో పెట్టుకుంది.

ఇంట్లోనూ ఇదే తంతు. భార్య టీ ఇస్తే, "నీళ్లు ఒక పొంగు ఎక్కువ మరిగాయి" అనో, "ఆకు ఇంకాస్త ఆగితే బాగా దిగేది" అనో ఏదో ఒకటి అనకుండా గ్లాసు కింద పెట్టేవారు కాదు. ఆవిడకి ఒళ్లు మండేది.

"ఒక్కసారి బాగుందంటే మీ నాలుక అరిగిపోతుందా?"

"అరగదు. కానీ ఒకసారి అబద్ధమాడితే దాని మీద నాకే నమ్మకం పోతుంది."

ఇలాంటి మనిషితో కాపురం చేయడమంటే మాటలు కాదు. ఆవిడ చేసింది, అదీ నవ్వుతూ చేసింది. మాస్టారి ముక్కు చెడకుండా ఉండాలని ఆ ఇంట్లోకి వాసన సబ్బు రాలేదు, వాసన పౌడరు రాలేదు. ఆవిడేమో పుట్టినప్పటినుంచీ సెంట్లంటే పడిచచ్చే మనిషి. పెళ్లికి ముందు ఆవిడ మెట్లెక్కుతుంటేనే వచ్చింది ఫలానా అని ఇంట్లో అందరికీ తెలిసిపోయేదట. పెళ్లికి చెల్లెలు చిన్న మల్లె సెంటు సీసా ఇచ్చింది. మాస్టారు దాన్ని చూసి చాలా ఇబ్బందిపడుతూ, "ఇది పూసుకుంటే నాకు పొద్దున్నే అన్ని టీలూ మల్లె టీలే అయిపోతాయి" అన్నారు.  ఆవిడ మూత కూడా తీయకుండా సీసాని చేతిరుమాల్లో చుట్టి, బీరువాలో బట్టల అడుగున పెట్టేసింది. "మీరు రిటైరయ్యాక పూసుకుంటాలెండి, అప్పటికి ముసలి మల్లెనైపోతాను" అని నవ్వింది.

పరీక్ష గది తలుపు మీద మాస్టారి చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉండేది: సెంటు పూసుకున్నవారు లోపలికి రాకూడదు. యజమాని అల్లుడంతటివాణ్ణి కూడా ఆయన గుమ్మంలోంచే వెనక్కి పంపారు. ఆ సంగతి కంపెనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రిటైర్మెంటు కంటే ముందు ఆయన భార్యకి జబ్బు వచ్చింది. దాని పేరు ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. మందు ఎక్కించిన ప్రతిసారీ ఆవిడలో ఏదో ఒకటి తరిగిపోయింది. ముందు జుట్టు పోయింది, తర్వాత ఒళ్లు పోయింది, ఆఖరికి రుచీ వాసనా రెండూ పోయాయి. ఏది నోట్లో పెట్టుకున్నా తడి కాగితం నమిలినట్టుందని పళ్లెం పక్కకి జరిపేసేది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడిపోతున్నా ఆవిడ ఆ పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మాస్టారు వీధిలోంచే వాసన పట్టి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశారు. ఆవిడ మాడిన గిన్నె చూసి, ఆయన మొహం చూసి, తల దించుకుంది.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే తిండి మొదలవుతుంది. తింటే తర్వాతి మందు తట్టుకునే శక్తి వస్తుంది. తినకపోతే మాత్రం నేను ఎక్కించలేనండీ. ఇక చేయగలిగింది ఏమీ ఉండదు."

ఆ మాటల్లో మాస్టారికి రుచి అన్న ఒక్క మాటే గట్టిగా వినిపించింది. బతుకంతా ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే. భార్య ప్రాణం వచ్చి వచ్చి సరిగ్గా దాని మీదే ఆగిందంటే ఆయనకి భయం బదులు ధైర్యం వచ్చింది, పాపం. ఇది నా పనే కదా అనుకున్నారు.

మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి ఇంటికి వచ్చేయడం మొదలుపెట్టారు. సాయంత్రం కాగానే భార్యకి పేర్లు చెప్పి మరీ నాలుగు కషాయాలు కాచేవారు: చామంతి, నిమ్మగడ్డి, సోంపు, దాల్చినచెక్క. అల్లం, పుదీనా జోలికి పోలేదు. నోరు పూసి ఉంది కాబట్టి అల్లం మంట పుట్టిస్తుంది. పైగా మంట, చల్లదనం రుచులు కావనీ, అవి వేలికి రాసుకున్నా తెలుస్తాయనీ, వాటితో పరీక్ష పెట్టుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టేననీ భార్యకి వివరించారు. ఆవిడ శ్రద్ధగా విని, "ఈ లెక్చరు పెళ్లికి ముందే ఇచ్చి ఉంటే గోడ దూకి పారిపోయేదాన్ని" అంది.

పరీక్ష గదిలో కప్పుల వరసకి ఒక పద్ధతి ఉంది. ఘాటైనది ముందు తాగితే పల్చటిది తర్వాత నాలుకకి ఆనదు. అందుకని ఎప్పుడూ పల్చటి దానితో మొదలుపెట్టి ఘాటైన దానితో ముగిస్తారు. ఆ పద్ధతి మాస్టారి చేతికి ఎంతగా పట్టేసిందంటే ఆయన దాని గురించి ఆలోచించడం కూడా ఎప్పుడో మానేశారు. ఇంట్లోనూ పళ్లెంలో మూత గ్లాసులు అదే వరసలో పెట్టి, మంచానికి కుడిపక్క స్టూలేసుకుని కూర్చునేవారు. రంగు కనిపించకూడదని భార్య కళ్లకి మెత్తటి తువ్వాలు కట్టేవారు.

"కళ్లకి గంతలు కట్టి టీ తాగించే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదండీ."

"మాట్లాడకు. ఇది ఏంటో చెప్పు."

"వేడినీళ్లు."

"ఇదీ?"

"ఇంకాసిని వేడినీళ్లు."

అలా కొన్నాళ్లు గడిచాయి. రోజూ నాలుగు వేడినీళ్లే. మాస్టారు మరుగు మార్చారు, ఆకు పెంచారు, కొంచెం తేనె వేసి చూశారు. రోజురోజుకీ ఆయన మొహం పీక్కుపోయింది. గ్లాసులు కడుగుతూ వంటింట్లో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చేవారు. నీళ్ల చప్పుడులో వినపడదనుకున్నారు. అది చాలా చిన్న ఇల్లు.

ఒక సాయంత్రం ఆవిడ మొదటి గ్లాసు గుక్కెడు తాగి, కాసేపు ఆగి, "చామంతా?" అంది.

మాస్టారి చేతిలో మూత జారి కిందపడి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. దాన్ని తీయడానికి కూడా ఆయన వంగలేదు. అప్పుడే ఫోను తీసి, వేరే ఊళ్లో ఉద్యోగం చేసే కూతురికి కలిపారు. "అమ్మకి చామంతి తెలిసిందే!" అని అరిచినంత పని చేశారు. ఇంకొకరు విని ఉంటే ఏదో పెద్ద పదవి వచ్చిందనుకునేవారు. అవతల కూతురు ఏడ్చేసింది.

తర్వాత నిమ్మగడ్డి తెలిసింది. తర్వాత సోంపు. చివరికి ఒకరోజు నాలుగూ చెప్పేసింది. తిండి మాత్రం పెరగలేదు. "తెలుస్తోంది గానీ ఇంకా సహించడం లేదండీ" అనేది. రుచి ముందు, ఆకలి తర్వాత అని మాస్టారు తనకి తానే సర్దిచెప్పుకున్నారు. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మందుకి తేదీ అడగాలనుకున్నారు. పరీక్ష గదిలో ఆయన మళ్లీ గట్టిగా జుర్రడం విని చిన్నక్క కూడా హమ్మయ్య అనుకుంది.

ఇంతలో భార్యకి ఊపిరి బరువైంది. ఆక్సిజన్ సిలిండర్ తెప్పించారు. దాన్ని మోసుకొచ్చిన వాళ్లు మంచానికి కుడిపక్కన, మాస్టారి స్టూలు ఉండే చోట నిలబెట్టి వెళ్లారు. ఆ సాయంత్రం మాస్టారు ఎప్పటిలాగే వంటింట్లో గ్లాసులు వరసగా పెట్టుకుని పళ్లెం తెచ్చారు. కూర్చోవడానికి చోటు లేక మంచం చుట్టూ తిరిగి ఎడమపక్కకి వెళ్లారు. అటు తిరగడంలో పళ్లెమూ అటుదిటు తిరిగింది. ఆయన గమనించలేదు. చేతికి దగ్గరగా ఉన్న గ్లాసు మూత తీసి, తువ్వాలు కట్టుకున్న భార్య పెదాలకి అందించారు. అప్పుడు దాల్చినచెక్క వాసన ఆయన ముక్కుకి తగిలింది.

అయ్యో, వరస తప్పింది అనుకుని నాలుక్కరుచుకున్నారు. గ్లాసు వెనక్కి తీసుకోబోయేలోపే ఆవిడ ఒక గుక్క తాగేసింది.

"చామంతి" అంది ఆవిడ.

మాస్టారు గ్లాసులోకి చూశారు. దాల్చినచెక్క ముక్క అందులో తేలుతూనే ఉంది. పొరపాటు పడిందేమో, అలసటేమో అనుకున్నారు. రెండోది సోంపు. అందించారు.

"నిమ్మగడ్డి."

మూడోది నిమ్మగడ్డి. అదీ అందించారు.

"సోంపు. ఇవాళ కాస్త చిక్కగా కాచినట్టున్నారే" అంది ఆవిడ, అచ్చం ఆయనలాగే.

నాలుగో గ్లాసు అందించడానికి మాస్టారికి చాలాసేపు పట్టింది. అందులో ఉన్నది చామంతి. దానికన్నా పల్చటి వాసన ఆయన అల్మారాలో ఇంకోటి లేదు.

"దాల్చినచెక్క! నాలుగుకి నాలుగు, అవునా?" అని ఆవిడ గంతల కింద నుంచి నవ్వింది.

అప్పుడు తెలిసింది మాస్టారికి. ఏ రోజూ ఏదీ తెలియలేదు. చామంతి తెలియలేదు, నిమ్మగడ్డి తెలియలేదు. ఇన్నేళ్లూ భోజనాల దగ్గర ఆయన చెప్పిన టీ కబుర్లు వినీ వినీ, పల్చటిది ముందు, ఘాటైనది వెనక అన్న పద్ధతి ఆవిడకి కంఠస్థం. ఆ వరసనే అప్పజెప్పింది. ఒక్కసారే అన్నీ చెప్పేస్తే అనుమానం వస్తుందని ఒక్కొక్కటిగా పెంచుకుంటూ వచ్చింది. వంటింటి కుళాయి చప్పుడు వెనకాల ఉన్నదేంటో ఆవిడకి మొదటి రోజే వినబడింది.

ఆయన గ్లాసుని మెల్లగా పళ్లెంలో పెట్టారు. ఆవిడేమో కళ్లకి తువ్వాలుతో, బోడి తలతో, జవాబు కోసం మొహం ఆయన వైపు ఎత్తి పెట్టుకుని కూర్చుంది. సొంత కంపెనీ సరుకుకి కూడా లేనిది ఉన్నట్టు రాయని మనిషి ఆయన.

"నాలుగుకి నాలుగు" అన్నారు మాస్టారు.

మర్నాడు ఒక్కరే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తి, "రుచి ఎలా ఉందండీ? వస్తోందన్నారు కదా?" అని అడిగింది. రాలేదని చెప్పారు. పొరపాటు నాదేనని చెప్పారు. డాక్టరమ్మ కుర్చీ ఆయనకి దగ్గరగా జరుపుకుంది. ఇంక ఆవిణ్ణి తినమని బలవంతపెట్టొద్దు, నొప్పి లేకుండా చూసుకుందాం అంది. మాస్టారు సరేనని లేచారు. బయటి మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నారో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం సిలిండర్‌ని తానే జరిపి, స్టూలు పాత చోటే వేసుకున్నారు. వరస తప్పకుండా జాగ్రత్తగా గ్లాసులు పెట్టారు. చామంతి, నిమ్మగడ్డి, సోంపు, దాల్చినచెక్క. ఆవిడ వరసగా చెప్పింది. ఆయన నాలుగుకి నాలుగు అన్నారు. ఆ తర్వాత రోజూ అదే జరిగింది. ఆవిడ ఆయన కోసం అబద్ధమాడింది, ఆయన ఆవిడ కోసం ఆడారు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ కష్టమైందో చెప్పడం కష్టం.

ఒక మధ్యాహ్నం ఆవిడ గ్లాసులు వద్దంది. "బీరువాలో బట్టల అడుగున చేతిరుమాలు ఉంటుంది, తీసుకురండి" అంది.

మాస్టారికి అదేమిటో చూడకుండానే తెలుసు. సీసా తెచ్చారు. మూత బిగుసుకుపోతే గుడ్డతో పట్టుకుని తిప్పారు. ఆవిడ వేలితో కాస్త తీసుకుని మెడకి రాసుకుంది, మణికట్టుకి రాసుకుంది. ఆయన్ని దగ్గరకి రమ్మని చొక్కా కాలరు మీద కూడా రాసింది. తర్వాత మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. మళ్లీ పీల్చింది. చెయ్యి దించేసింది.

"నాకేం తెలియడం లేదండీ. మీరే చెప్పండి, ఎలా ఉందో."

మాస్టారు సీసా మూత బిగించడం మొదలుపెట్టారు.

"మీకు తెలుసు కదా?" అంది ఆవిడ మెల్లగా.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"సిలిండర్ వచ్చిన రోజు నుంచి. పళ్లెం అటుదిటు తిరిగింది."

"మరి రోజూ నాలుగుకి నాలుగు అంటారేంటి?"

"నువ్వెందుకు చెప్పావు?"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "మీ మొహం చూడలేకపోయానండీ. పాలు మాడిన గిన్నెలాగా పెట్టుకునేవారు" అంది. "సరే, ఇప్పుడు నిజం చెప్పండి. పత్రికలో రాసినట్టు చెప్పండి. ఎన్నాళ్లు దాచుకున్నానో తెలుసు కదా, మర్యాదలు చేయకండి."

మాస్టారు ఆవిడ మణికట్టు పట్టుకుని కాస్త పీల్చారు. మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆగారు. మళ్లీ పీల్చారు. ఉద్యోగంలో ఏ కప్పు దగ్గరా అంతసేపు ఆగలేదు.

"పైన ఉండాల్సిన మల్లె పోయింది. పాతబడిపోయింది. మూత తీయనివ్వంది నేనే" అన్నారు. మణికట్టుని మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. "అడుగున ఇంకోటి ఉంది. తియ్యగా, కొంచెం కట్టె వాసన. అది పోలేదు. నీ ఒంటి వేడికి ఇప్పుడిప్పుడే పైకి వస్తోంది. బాగుంది."

ఆవిడ కళ్లు తెరిచి చూసింది. "మర్యాదకా?"

"కాదు."

"మళ్లీ అనండి."

"బాగుందే. చాలా బాగుంది."

ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. అలాగే నిద్రపోయింది. తర్వాత ఆవిడ ఎక్కువ రోజులు లేదు.

జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. కూతురు ఉంటానంది, వెళ్లమని ఈయనే పంపించారు. మరిగే నీళ్ల మధ్య నిలబడితే కాస్త తేలికపడుతుందేమోనని ఒక పొద్దున్న పనికి వెళ్లారు. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. చిన్నక్క చెంచా ఆయన చేతికి ఇచ్చి, కప్పుల వైపు తిరిగింది. బల్ల మీద కొత్త చామంతి కషాయాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ మొదటి కప్పు మీదకి వంగి వాసన చూసి, మొహం చిట్లించింది.

"ఎవరో సెంటు పూసుకొచ్చారు" అంది. "పాత మల్లె సెంటు. ఎవరది?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ఒప్పుకోలేదు.

"నేనేనమ్మా" అన్నారు మాస్టారు.

చిన్నక్క మొహం పాలిపోయింది. "పర్లేదు మాస్టారూ, మీరుండండి... లేకపోతే ఆ చొక్కా మార్చుకోండి, తెల్లకోటు ఇస్తాను. ఇది నేను ఉతికించి పంపిస్తాను" అంది గబగబా.

మాస్టారు రెండు చేతులతో కాలరు గట్టిగా పట్టుకున్నారు. "వద్దు. దీన్ని ఉతకొద్దు" అన్నారు. చెంచా బల్ల మీద పెట్టేసి, తను రాసి అంటించిన కాగితం పక్కనుంచి బయటికి వచ్చి, వసారాలో బెంచీ మీద కూర్చున్నారు.

లోపల జుర్రుమనే చప్పుళ్లు మొదలయ్యాయి. మాస్టారు కాలరు ముక్కు దాకా లాక్కున్నారు. ఆపకుండా పీలిస్తే ముక్కు మరిచిపోతుందని ఆయనకి తెలుసు. కాస్త పీల్చారు. మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆగారు. మళ్లీ కాస్త పీల్చారు.